బడిలో వేసిననాటి మాట

చివరి గంట కొట్టగానే, మిరప చేలోంచి నేరుగా వచ్చిన ఓ కూలీ తల్లి బడి వరండాలో మాస్టారికి అడ్డంగా నిలబడింది. ఆమె కొంగు విదిలిస్తే గోడమీది పటాలు కూడా తుమ్ముతాయి, అంత ఘాటు.

"మాస్టారూ, నా మాట నాకిచ్చెయ్యండి."

"ఏం మాటమ్మా?"

"మా అమ్మాయి మార్తని బడిలో ఏసిన రోజు అన్నాగా, కళ్ళు రెండూ ఉంచి తోలు వలిచినా అడగనని. ఇప్పుడు అడుగుతన్నా."

"ఊళ్ళో ప్రతి తల్లీ అనే మాటేగా అది! లెక్క తప్పు చేసింది, నాలుగు తగిలించా. తప్పా?"

"అరచేతులు చీలినయ్యండీ. ఆ చేతుల్తోనే మూడ్రోజుల్నుంచి కాయలు కోస్తంది. కారం తగిలి భగభగా మండుతున్నా, బడికన్నా చేనే నయమంటంది."

మాస్టారు చేతిలో బెత్తాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇది లేకపోతే అరవైమంది పిల్లలు నా మాట వింటారా?"

"మా చేలోనూ అరవైమందిమి ఉన్నాం. మేస్త్రి బెత్తం పట్టుకుంటే మర్నాటికి ఒక్కరం రాం."

"సరేలే. రేపు పంపు. కొట్టను."

"నేను చెబితే నమ్మదండీ. కొట్టమన్నది నేనేగా! మీరే చేలోకొచ్చి చెప్పండి."

"నేనా? కూలోళ్ళందరి ముందా?"

"అది దెబ్బలు తిన్నదీ అందరి ముందేనండీ."

ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

"ఏ చేను?" అన్నాడు చివరికి, చెప్పుల కోసం వెతుక్కుంటూ.