బోను దిగని ఫర్గల్

ఐర్లండ్‌లోని రాస్‌కామన్‌లో ఇంగ్లీషు దొరలు కట్టిన కోర్టు ఇప్పుడు ఊరి కళాకేంద్రం. మధ్యాహ్నం నాటకం అయిపోయి జనం వెళ్ళిపోయినా, ఫర్గల్ ముద్దాయి బోను దిగలేదు. అక్క నోరీన్ కోటు తొడుక్కుని కింద నిలబడింది.

“అయితే అప్పీలుకి వెళ్తానంటావు.”

“వెళ్తాను.”

“ఎవరి దగ్గరికిరా? జడ్జి వేషం కట్టినాయన విగ్గు తీసేసి టీ తాగుతున్నాడు.”

“తాగనీ. నేను దిగను.”

“డాన్సు క్లాసు ఆడవాళ్ళు బయట వానలో ఉన్నారు. ఈ గంట హాలు వాళ్ళది.”

“వచ్చి ఆడుకోమను. నేనేమన్నా అడ్డమా?”

“బోనులో ముద్దాయిని పెట్టుకుని ఎవరు గెంతుతార్రా?”

“అక్కా, ఇదే బోనులో ముత్తాతని, అమ్మమ్మ వాళ్ళ నాన్నని, నిలబెట్టి, దొరగారి గొర్రెని దొంగిలించాడని జైల్లో వేశారు. ఇంగ్లీషు జడ్జి కదా, అన్యాయం చేశాడు అనుకున్నాం. సమాధి మీద ‘నిర్దోషి’ అని చెక్కించాం. మరి ఇవాళ తీర్పు చెప్పిందెవరు? ప్రేక్షకులు. మన ఊరివాళ్ళు.”

“నాటకంరా అది.”

“ముత్తాత వేషం కట్టింది నేను. నా మొహం చూసి దోషి అన్నారు.”

“గొర్రె మాట వచ్చినప్పుడల్లా పెదాలు తడుపుకున్నావు. అనరూ?”

“నోరెండిపోయింది.”

“సగం మంది నిర్దోషి అనే చేతులెత్తారుగా.”

“సగమే. అటు ఒక్క చెయ్యి ఎక్కువ లేచింది. అదెవరిదో తేలాలి.”

“తేలితే?”

“చచ్చేదాకా వాళ్ళతో మాట్లాడను.”

“ఇంకెందుకులే. దిగు. పొయ్యి మీద బంగాళాదుంపలు పెట్టి వచ్చాను.”

“వెనక వరసలో కూర్చున్నావు కదా. చూసే ఉంటావు.”

“వెనక నుంచి ఏం కనబడుతుంది? అన్నీ వీపులే.”

“ఆ దొర మునిమనవడా?”

“పాపం, ఆ అబ్బాయి నిర్దోషి అనే ఎత్తాడు. రెండు చేతులూ ఎత్తాడు.”

“చర్చి ఫాదరా?”

“ఆయన మొదటి అంకంలోనే నిద్రపోయాడు.”

“మరెవరక్కా? మన ఇంటి పరువు తీసింది ఎవరు?”

“అమ్మమ్మ పోయేటప్పుడు మంచం పక్కన నేనున్నాను.”

“దానికీ దీనికీ ఏంటి సంబంధం?”

“ఏం లేదు. దిగరా.”

“అక్కా.”

“ఆ చెయ్యి నాదేరా. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తెచ్చిన ఆ గొర్రె కూర తిన్న రోజులు తప్ప, కడుపు నిండా తిని పడుకున్నట్టు అమ్మమ్మకి గుర్తే లేదట.”