సున్నా చుట్టూ సంతకాలు

రాజాం దాటాక ఉన్న జూట్ మిల్లులో మధ్యాహ్నం అన్నాల వేళ. నార లాగే రోలరుకు ఇనప జాలీ అడ్డం పెట్టించమని రాసిన అర్జీని చిన్నామె పెద్దామె ముందు పరిచింది.

"ఈ సున్నా ఏటే? క్యారేజీ మూత బోర్లించి గీసినావా?"

"అవునప్పా. సుట్టూ సంతకాలెడితే ముందెవులెట్టారో మేనేజరుకి తెలీదు. మొదటి పేరున్నోల్నే కదా పన్లోంచి తీసేస్తాడు!"

"ఎంతమందెట్టారేటి?"

"నాతో కలిపి ముప్పై తొమ్మిది. రోలర్లో వేళ్ళు పోయిన అసిరమ్మ కూడా ఎడంసేత్తో ముద్రేసింది. నువ్వొక్కర్తివే మిగిలినావు."

"బయమేస్తన్నాదే. ఈ పని పోతే మా ఇంట్లో పొయ్యెలగదు."

"నాకు నేదేటి బయం? అయినా ఎట్టినాను."

పెద్దామె ఎంగిలి చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"ఇలాగియ్యి పెన్ను."

మిగిలిన సందులో ఆమె పేరు పడగానే సున్నా చుట్టూ వరస నిండిపోయింది. ఇక దానికి మొదలూ లేదు, చివరా లేదు. చిన్నామె హమ్మయ్య అనుకుంది.

"మరి దీన్ని మేనేజరు గదిలోకి ఎవులట్టుకెల్తారే?"

చిన్నామె చుట్టూ చూసింది. అందరూ తలలు వంచుకుని ఖాళీ క్యారేజీలు సర్దుకుంటున్నారు.