రేపటి కోటు

అలా గుమ్మానికి అడ్డంగా నిలబడితే నేను లోపలికెలా వస్తాను చెప్పు? బయట చలి కొరికేస్తోంది. మొగుడొచ్చాడని అనుకోకపోతే పోనీ, దారిన పోయే దర్జీ ఎవడో వచ్చాడనుకో. వాణ్ణయినా కూర్చోమంటారు కదా.

హమ్మయ్య. మీ అక్క వంటింట్లో ఉందా? ఉండనీ. వింటే విననీ. వదిన జాకెట్టు కూడా నా షాపులోనే కదా ఏళ్ళకేళ్ళు మగ్గింది, ఆవిడకి నా గురించి కొత్తగా తెలిసేదేముంది.

ఈ సంచిలో ఏముందని అడగవేం? అడగవు. నీ మౌనం ఉందే, అది ఇస్త్రీపెట్టె లాంటిది. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది.

సరే, విను. నేను మారాను. నవ్వకు. అదిగో, పెదవి కదిలింది, చూశాను.

నువ్విలా వచ్చేసిన వారమే నీ తమ్ముడు షాపుకొచ్చాడు. బడిపంతులు కదా, కుర్చీ కనిపిస్తే చాలు పాఠం మొదలెడతాడు. ఏ అలవాటూ ఒక్కసారిగా పోదు బావా, కొంచెం కొంచెంగా తగ్గించుకో అన్నాడు. నాకు సిగరెట్టు లేదు, మందు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్క మాట. రేపు. ఎవరొచ్చి ఎప్పుడిస్తావన్నా రేపు అనడం. దాన్ని కొంచెం కొంచెంగా ఎలా తగ్గిస్తారు? సగం రేపు అని ఒకటుంటుందా?

ఉంటుందట. పొద్దున్నే వచ్చే మొదటి మనిషికి మాత్రం ఆ మాట చెప్పొద్దన్నాడు. మిగతావాళ్ళందరికీ చెప్పుకోవచ్చట. సరేనని, బ్యాంకు గుమాస్తా వస్తే ఇవాళ సాయంత్రం అన్నాను. వాడు నిజంగానే సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. ప్యాంటు ఇంకా గుడ్డగానే ఉంది. రేపు అంటే ఎవడూ నమ్మడు కాబట్టి ఎవడికీ నష్టం లేదు. సాయంత్రం అంటే నమ్మేశాడు పాపం. నిజం వైపు ఒక్క అడుగు వేశానో లేదో, జన్మలో చెప్పనంత పెద్ద అబద్ధమైపోయింది.

తర్వాత ఏమీ అనకుండా తల ఊపమన్నాడు. మెడ పట్టేసింది. పోనీ ఆ మాట అనే ముందు ఒక గుక్క నీళ్ళు తాగమన్నాడు. తాగాను. తీరిగ్గా నీళ్ళు తాగి మరీ అబద్ధం చెప్పాను.

ఆఖరికి అసలు కిటుకు నాకే తట్టింది. మా పనిలో ఒక దొంగ అలవాటుంది, నీకు తెలిసిందే. గుడ్డ రాగానే ఒక చేతి ముక్క కత్తిరించి పక్కన పడేస్తాం. పని మొదలెట్టడానికి కాదు. కత్తెర పడ్డ గుడ్డని ఇంకో దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళలేరు కదా, అందుకు. ఇక రేపన్నా, ఎల్లుండన్నా చచ్చినట్టు మన చుట్టూ తిరగాల్సిందే.

అది మానేశాను. మెల్లగానే. ముందు పిల్లల గుడ్డలకి, తర్వాత ఆడవాళ్ళవాటికి, చివరికి సూట్లకి. ఇప్పుడు కుట్టడానికి కూర్చున్న రోజే కత్తెర తీస్తున్నాను. ఏమైందో తెలుసా? కత్తెర పడని గుడ్డలన్నీ వీధి చివర కొత్త దర్జీ దగ్గరికి నడిచి వెళ్ళిపోయాయి. మిగిలినవి కాసినే కాబట్టి టైముకి అయిపోతున్నాయి. రేపు అనాల్సిన అవసరమే లేదు, అడిగేవాడుంటే కదా. నీ తమ్ముడు మాత్రం తన పద్ధతి ఫలించిందని బళ్ళో చెప్పుకుంటున్నాడట.

అలా చూడకు. నీ నీలం గుడ్డ దగ్గరికే వస్తున్నా.

ఈ చలికాలానికైనా నాకో కోటు కుట్టవయ్యా అని నువ్వే కొని తెచ్చి నా బల్ల మీద పెట్టావు. ఆ తర్వాత ఎన్ని చలికాలాలు పోయాయో. నా పాత కోటు తొడుక్కుని, నేను ఇస్త్రీలో కాల్చిన చోటు కనపడకుండా చెయ్యి మడుచుకుని తిరిగావు. నువ్వు దగ్గినప్పుడల్లా నేను రేపన్నాను. విసిగిపోయి, పోనీ ఇంకెవరికైనా ఇచ్చుకుందామని గుడ్డ విప్పావు. ఒక చేతి ముక్క కత్తిరించి ఉంది.

ఆ రోజు నువ్వు అరిచినా బాగుండేది. గుడ్డ మళ్ళీ మడతపెట్టి, "నేనూ నీ గిరాకీనేనా?" అన్నావు. అంతే, చెప్పులేసుకుని వచ్చేశావు.

పెళ్ళాం గుడ్డ మీద కూడా కత్తెరెందుకు వేశావంటే ఏం చెప్పను? గుడ్డ కనిపించింది, చెయ్యి ఆడింది. ఎవరిదో కూడా చూసుకోలేదు. అదే కదా నీ బాధ కూడా. నాకిప్పుడు తెలుస్తోంది, సిగ్గుగా ఉంది.

ఇదిగో, సంచిలోంచి తియ్యి. కుట్టేశాను. రోజూ కాస్త కాస్త. లోపల మెత్తటి లైనింగు వేశాను, జేబు నువ్వడిగినట్టు లోపలివైపే పెట్టాను. కొలతలంటావా, ఊళ్ళో అందరికీ టేపు పెడతాను గానీ నీకెందుకు? నీ కొలతలు నాకు కంఠతా వచ్చు.

వేసుకో. ఒక్కసారి.

ఇదేంటి? భుజాలిలా జారిపోతున్నాయేంటి? ఇటు తిరుగు. నడుం దగ్గర ఇంకో మనిషి పట్టేలా ఉంది. ఇంతలా ఎప్పుడు చిక్కిపోయావే నువ్వు?

ఇక్కడికొచ్చాక కాదా? అంతకుముందేనా? నా ఎదురుగా తిరుగుతూనేనా?

సరే, విప్పు. పెద్ద పనేం కాదు. షాపుకి పట్టుకెళ్ళి రే... లేదు, అనలేదు. వదినా, ఇంట్లో సూదీ దారం ఉన్నాయా? ఇక్కడే కూర్చుని సరిచేస్తాను.

ఈలోపు ఒక్కటి చెప్పు. ఇంటికెప్పుడొస్తావు? తొందరపెట్టడం లేదు. నువ్వూ కొంచెం కొంచెంగానే రా. ముందు షాపు దాకా, తర్వాత గుమ్మం దాకా, ఆ తర్వాత నీ ఇష్టం.

ఏంటీ?

రేపా?

ఇన్నేళ్ళూ ఆ మాట అనడమే గానీ వినడం ఇదే మొదలు. ముఖంలోకి ఎంత చూసినా నమ్మాలో వద్దో తెలీదన్నమాట. జనం ఎలా భరించారో నన్ను.

సరేలే. లేచి నిలబడు. చేతులు కాస్త పక్కకి ఎత్తు. టేపు నా మెడలోనే ఉంది, కొలత తీసుకోనీ.