నిచ్చెనక్క దించిన కారు

ఏమిటే, కారు కింద దూరి ఏం వెతుకుతున్నావు? చెవిపోగు పడిందా? కాదా. మరి? దించుతావా? దేన్ని, కారునా? ఆఁ ఆఁ, తెలుసులే, నాకు చెప్పకు. స్ప్రింగులు మార్చి, నేలకి ఆనుకున్నట్టు కూర్చోబెట్టి, రంగు కూడా మార్చేస్తావు, అంతేగా. మీ నాన్న ఏమన్నాడు? "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు" అన్నాడా? వాడి మొహం. ఆ మాట వాళ్ళ పెద్దమ్మ చెవిన పడుంటే వాడి చెవి మెలిక ఇప్పటికీ విడేది కాదు. ఆ స్టూలు ఇలా జరుపు, కూర్చుంటాను. ఈ మోకాళ్ళకి కూడా నీ స్ప్రింగులేవో ఉంటే బాగుండు.

పెద్దమ్మంటే ఎవరో తెలుసా నీకు? నిచ్చెనక్క. నా తోడికోడలు, నీకు పెద్ద నానమ్మ. నువ్వు పుట్టకముందే పోయింది. హాల్లో ఫొటో ఉందే, గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డావిడ. సిగ్గుపడి వంచుకుందనుకుంటారు అందరూ. సిగ్గా, పాడా. పైన ద్వారబంధం తగులుతుందని. అంత పొడుగు. కాపురానికొచ్చిన కొత్తలోనే మామగారు తలెత్తి చూసి, "అమ్మాయ్, అటక మీద డబ్బాలున్నాయి, కాస్త దించిపెట్టు, ఇన్నాళ్ళూ నిచ్చెన లేక అల్లాడిపోయాం" అన్నారట. అంతే, అప్పట్నుంచీ నిచ్చెనే. ఆవిడకి కోపం వచ్చేది కాదు. "నిచ్చెన్ని పట్టుకునేగా అందరూ పైకెక్కేది, తక్కువేం కాదు" అనేది. వాళ్ళ పుట్టింటివాళ్ళది కొలిమి. లారీలకి కమాను కట్టలు, బస్సులకి స్ప్రింగులు వాళ్ళ దగ్గరే చేసేవాళ్ళు. ఇనుము వాసనలో పెరిగిన మనిషి. నాకేమో వంట ఒక్కటే వచ్చు, అదీ సగమే. సరే, నా సంగతి ఎందుకులే.

అప్పట్లో మనది కింద షెడ్డు, పైన కాపురం. సొట్టలు తీసే పని మామగారిది. రంగులు మీ తాతయ్యవి. ఇంజన్లు బావగారివి, అంటే అక్క మొగుడివి. బావగారికి పోటీల పిచ్చి. ఏడాదికోసారి కొండదారి మీద పోటీ జరిగేది. ఒక్కొక్క కారే కిందనుంచి బయల్దేరి పైదాకా ఎక్కాలి, ఎవరు తక్కువ టైములో ఎక్కితే వాళ్ళది గెలుపు. దానికోసమని ఎక్కడో మూలపడి ఉన్న కారొకటి తెచ్చి బాగుచేసుకున్నాడు. స్పోర్ట్స్ సెడాన్. చూడ్డానికి పెద్దమనిషే, నాలుగు తలుపులు, వెనక డిక్కీ, ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు. బానెట్ ఎత్తితే మాత్రం లోపల పులి. కాకపోతే ఆ పులిని తెచ్చి పరుపు మీద కూర్చోబెట్టారు చేసినవాళ్ళు. స్ప్రింగులు అంత మెత్తన. తిన్నగా పోయినంతసేపూ హాయి, మలుపు తిరిగిందంటే పడవలాగా ఒరిగిపోయేది. తెల్లరాయి మలుపని ఒకటుంది ఆ దారిలో, సుద్ద కొండని చెక్కి వేసిన మలుపు. అక్కడ ఒరిగింది ఒరిగినట్టే పోయి కాలవలో పడింది. బావగారి ప్రాణం దక్కింది, అదే పదివేలు. కుడికాలు మాత్రం కట్టెలా బిగుసుకుపోయింది. మోకాలు వంగదు. ఇక కారేం నడుపుతాడు?

కాలు పోయినందుకు కాదే బెంగ, మనిషి పోయాడు. మాటా మంతీ లేదు. పైగదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని సందులోకి చూస్తూ కూర్చునేవాడు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అంతే. కారెక్కమంటే ఎక్కడు, డాక్టరు దగ్గరికి కూడా కర్ర పట్టుకుని కుంటుకుంటూ నడిచే వెళ్ళేవాడు. "ఆ పీనుగని తుక్కులో పారేయండి" అన్నాడు. ఆ ఒక్కమాటే ఆరునెలల్లో. మామగారు మనసొప్పక కారు మీద టార్పాలిన్ కప్పి షెడ్డులో ఓ మూలకి తోయించారు. అక్క అన్నం తీసుకెళ్ళేది, ఆయన తలతిప్పుకునేవాడు, అక్క కంచం అక్కడ పెట్టి వచ్చేసేది. ఒకరోజు అలాగే కంచం పెట్టి కిందికి దిగింది. దిగి తిన్నగా షెడ్డులోకి పోయి, ఆ టార్పాలిన్ పట్టుకుని ఒక్క లాగు లాగింది. దుమ్ముకి నాకు దగ్గొచ్చింది. "ఏం చేస్తున్నావమ్మాయ్?" అన్నారు మామగారు. "మీ అబ్బాయికి వైద్యం" అంది.

ఇంతకీ సొట్టలు తీయడానికి మామగారికి పెద్దగా పట్టలేదు. ముందు బంపరు బరువని పీకించేసింది. చక్రాలు వెడల్పువి వేయించింది. రంగు దగ్గరే రామాయణం అంతా. మామగారు తెలుపన్నారు, మీ తాతయ్య నలుపన్నాడు. అక్క నా వంటింట్లోకొచ్చి బుట్టలోంచి వంకాయ ఒకటి తీసుకెళ్ళి మరిది చేతిలో పెట్టింది. "ఇదీ రంగు." మీ తాతయ్య బిక్కమొహం వేశాడు. "వంకాయ రంగు కారుకెవరైనా వేస్తారా వదినా? మన షెడ్డు పరువేం కావాలి?" "నిగనిగలాడాలి అబ్బాయ్, తొడిమ దగ్గర చూడు, అక్కడ నలుపు తిరిగిందే, బానెట్ అంచులు అలా రావాలి." పాపం, ఎన్ని డబ్బాలు కలిపాడో. ఒకసారి కలిపితే నేరేడుపండు, ఇంకోసారి కలిపితే సిరా. వాడిపోతుందని రోజూ నేనో కొత్త వంకాయ ఇవ్వాల్సొచ్చేది. ఆఖరికి కుదిరింది. కుదిరాక ఎండలోకి తోస్తే, నిజం చెప్పొద్దూ, కళ్ళు తిప్పుకోలేకపోయాం. మామగారు చుట్టూ తిరిగి చూసి, "కారా, కూరగాయల బండా?" అన్నారు. అన్నారే గానీ చెయ్యి మాత్రం బానెట్ మీంచి తియ్యలేదు.

ఆఁ, స్ప్రింగులు. అక్కడికే వస్తున్నా. తొందరెందుకు. అక్కకి తన పుట్టింటి విద్య మీద మహా ధీమా. "స్ప్రింగు సంగతి నాకు చెప్పకండి" అని రంపం పట్టుకుని ఒక్కో స్ప్రింగుకీ చుట్టున్నర కోసిపారేసింది. కారు కిందికి దిగింది. అబ్బ, ఏం అందం. చక్రాల మీద పిల్లి నక్కి కూర్చున్నట్టుంది. "ఎక్కవే" అంది. ఎక్కాను. వీధిలోకి పోనిచ్చింది. ఇంక చూస్కో, రాయి మీంచి పోతే రాయి నా నడుంకి తెలుస్తోంది, చీమ మీంచి పోతే చీమ తెలుస్తోంది. పళ్ళు టకటకమంటున్నాయి. "అక్కా, ఆపు" అంటే ఆ మాట కూడా ముక్కలు ముక్కలుగా వచ్చింది. సందు చివర స్పీడు బ్రేకరు ఉండేది. దాని మీదికెక్కి, పొట్ట దానికి ఆనుకుని నిలబడిపోయింది కారు. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. గట్టిగా తొక్కేసరికి సైలెన్సర్ ఊడి రోడ్డు మీద దొర్లింది. సెలూన్ ఆయన కత్తి పట్టుకునే బయటికొచ్చాడు, వెనకాలే సగం గడ్డం గీయించుకున్న మనిషి. వీధి వీధంతా నవ్వు. అక్క మొహం కందగడ్డలా అయింది. అప్పుడు వినపడిందే, పైనుంచి. బావగారు. కిటికీ ఊచలు పట్టుకుని, కళ్ళనీళ్ళు తిరిగేలా, పడీపడీ నవ్వుతున్నాడు. అక్క దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని పైకి చూసి, "ఏం, అంత నవ్వొచ్చిందా మీకు?" అంది. "కిందికంటా దించేస్తే స్ప్రింగు ఎక్కడ ఆడుతుందే, పిచ్చిదానా? కారు అడుగున దెబ్బ ఆపే రబ్బరు ముక్కల మీద కూర్చుంది, స్ప్రింగుల మీద కాదు. షాక్ అబ్జార్బర్లేమో పాతవే, పొడుగువి. కొలిమిలో పుట్టినదానివి, ఆ మాత్రం తెలీదూ?" "తెలిసినవాళ్ళు కిటికీలో కూర్చుంటే తెలియనివాళ్ళు ఇలాగే చేస్తారు" అంది అక్క. నవ్వు ఆగిపోయింది. ఇంక ఈ మనిషి మళ్ళీ నోరు విప్పడు అనుకున్నా. కాసేపటికి మెట్ల మీద కర్ర చప్పుడు. ఒక్కో మెట్టే.

తర్వాత ఆ షెడ్డులో వాళ్ళిద్దరూ పోట్లాడుకున్న పోట్లాట నేను జన్మలో మర్చిపోను. ఆయన కారు ఒక్క వేలెడు కిందికి రావాలంటే ఈవిడ రెండు వేళ్ళు అంటుంది. ఆయన గట్టిగా ఉండాలంటే ఈవిడ "మీకు నడుం లేదు కాబోలు, నాకుంది" అంటుంది. చివరికి ఆవిడ పుట్టింట్లో వాళ్ళ నాన్న దగ్గర కూర్చుని కొత్త స్ప్రింగులు చుట్టించుకొచ్చింది, పొట్టివి, కాస్త గట్టివి. వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు బావగారు ఎక్కణ్ణుంచో తెప్పించాడు. ముందు రెండు చక్రాలనీ కలుపుతూ లావుపాటి ఒంపు కడ్డీ ఒకటి బిగించారు, ఒక పక్క కుంగబోతే రెండో పక్క పట్టుకునేటట్టు. పరీక్షలన్నీ నా మీదే. ఒళ్ళో గిన్నెడు నీళ్ళు పెట్టి గతుకుల మీద తిప్పేవాళ్ళు. "ఎంత ఒలికింది?" "అంతా ఒలికింది, బట్టలు మార్చుకుని వస్తా ఉండండి." మళ్ళీ షాకులు విప్పడం, మళ్ళీ గిన్నె. మలుపులో ఎంత ఒరుగుతోందో చూడ్డానికి మీ తాతయ్య సందు మలుపులో గోడ పొడుగునా సుద్దగీత గీశాడు. కారు తిరుగుతుంటే బావగారు కుర్చీ వేసుకుని కారు కప్పునీ, ఆ గీతనీ చూసేవాడు. "ఇంకా తల వంచుతోంది. మన నిచ్చెనలాగే" అనేవాడు. అక్క కారులోంచే ఏదో ఒకటి అంటించేది. ఒకరోజు నా గిన్నె నిండా ఉన్నట్టే ఉంది, అటు ఆయన గీత దగ్గర్నుంచి ఏమీ అనలేదు. "ఏమైందండీ?" అని అడిగింది అక్క. "పోటీకి పేరిచ్చిరా" అన్నాడు.

పోటీ రోజున కొండ కింద జనం. ఏటా గెలిచేది పళ్ళ డాక్టరు, రెండు తలుపుల చిన్న కారు ఆయనది, ఈగలాగా ఎక్కేసేది. మా వంకాయని చూసి అందరూ ముసిముసి నవ్వులు. పేర్లు రాసుకునే ఆయన "డ్రైవరెవరు?" అన్నాడు. "నేనే" అంది అక్క. "పక్కన?" "మా తోడికోడలు." ఆయన అక్కని కిందనుంచి పైదాకా చూశాడు, దానికే కొంతసేపు పట్టిందిలే. "ఇద్దరూ ఆడవాళ్ళే, మరి కారెక్కడైనా ఆగిపోతే?" "ఆగిపోతే దిగి బాగుచేసుకుంటాం, మీరు రాసుకోండి" అంది. నా పని మలుపులు ముందే చెప్పడం. నాకు కుడి, ఎడమ చప్పున తోచవు, ఇప్పటికీ అంతే, నవ్వకు. అందుకని అక్క, "కొండవైపో, లోయవైపో చెప్పవే, చాలు" అంది. బావగారు కనపళ్ళేదు. పొద్దున్నే ఒక్కడే బస్సెక్కి పోయాడు, ఎక్కడికంటే చెప్పలేదు.

జెండా ఊపారు. వీపు సీటుకి అతుక్కుపోయింది నాకు. "కొండవైపు. లోయవైపు. మళ్ళీ లోయవైపు." నేను అరుస్తూనే ఉన్నా, ఆవిడ తిప్పుతూనే ఉంది. ఆ పొడుగు చేతులు స్టీరింగ్ మీద ఎంత నెమ్మదిగా ఉన్నాయో తెలుసా, పసిపిల్లకి తల దువ్వుతున్నట్టు. తెల్లరాయి మలుపు వచ్చింది. "కొండవైపు, అక్కా" అన్నా. అప్పుడు చూశాను. ఆ మలుపు పైన సుద్దరాయి మీద బావగారు. తను పడ్డచోటికి ఎదురుగా, కర్ర నేలకి ఆనించి నిలబడున్నాడు, పెదాలు కదులుతున్నాయి. అక్క చూళ్ళేదు, ఆవిడ కళ్ళు రోడ్డు మీదే. కారు మలుపులోకి దిగింది. నేను కళ్ళు మూసుకుని తలుపు పట్టుకున్నా ఒరుగుతుందని. ఒరగలేదే. పలకలా, బల్లపరుపుగా, రోడ్డుని కరుచుకుని తిరిగింది. గతుకు వచ్చింది, మింగేసింది. కళ్ళు తెరిచేసరికి మలుపు వెనకాల ఉంది.

పైకెళ్ళాక టైము చెప్పారు. పళ్ళ డాక్టరు కంటే ముందున్నాం. ఎంత ముందంటే, రెప్పపాటు. రెప్పపాటైతేనేం, ముందు ముందే. కొండంతా చప్పట్లు. మామగారు గెంతారు తెలుసా, ఆ వయసులో. కనపడ్డవాడికల్లా "మా పెద్దకోడలు, మా చిన్నకోడలు" అని చెప్పడమే. నేను చేసిందేముంది, అరిచాను, అంతేగా. అయినా చెప్పనిచ్చాను. పళ్ళ డాక్టరు మంచివాడు, తెల్లప్యాంటు మాసిపోతున్నా లెక్కచెయ్యకుండా మోకాళ్ళ మీద కూర్చుని కారు కింద తల పెట్టి చూశాడు. "ఈ స్ప్రింగులు నాకూ చుట్టించి పెడతారా అమ్మా?" అన్నాడు. "రంగు కూడా కావాలా?" అంది అక్క. ఆ ఏడాది మన షెడ్డు ముందు కార్లు బారులు తీరాయనుకో. సగం వంకాయలే. నలుపే కావాలన్న మీ తాతయ్య, వచ్చినవాళ్ళకల్లా "మా వదిన రంగు" అని చెప్పుకునేవాడు.

అది సరే, తిరుగు దారి చెప్పలేదు కదూ. అక్క కారుని మెల్లగా కొండ దింపుతోంది, వెనక సీట్లో మామగారు. బావగారు ఇంకా ఆ మలుపు దగ్గరే రాయి మీద కూర్చుని ఉన్నాడు. అక్క కారాపి దిగింది. ఇందాక మేం పోతుంటే ఆయన పెదాలు కదిలాయని నేను ముందే చెప్పానేమో, "ఏమన్నారు అప్పుడు?" అని అడిగింది. "ఏం లేదు. రెండో గేరులో తిరిగావు. మూడోదాంట్లో కూడా తిరుగుతుంది ఇప్పుడు" అన్నాడు. అక్క ముందు తలుపు తీసి పట్టుకుంది. ఆయన ఆ తలుపుకేసి, అక్కకేసి, కాలవకేసి చూశాడు. నేను గబగబా వెనక్కి పోయి మామగారి పక్కన కూర్చున్నా. ఆయన ముందు కర్ర లోపల పెట్టాడు. తర్వాత కూర్చుని, ఆ బిగుసుకుపోయిన కాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. మామగారు నా చెయ్యి పట్టుకున్నారు. కొండ దిగిపోయాం, ఇంటిదారి పట్టబోతున్నాం, అప్పుడు బావగారు ముందుకి చూస్తూనే అన్నాడు, "ఏమే, ఇంకొక్కసారి ఎక్కుదామా? మూడో గేరులో." అక్క ఆయన్ని చూసింది. చూసి, కారు వెనక్కి తిప్పింది.

...

ఆ పానా ఇలా అందుకో. అది కాదే, పెద్దది.