పేరు లేని సంగటి

గల్ఫ్ దేశంలో, ఫర్వానియాలోని ఒక క్లినిక్ వరండాలో, వలస కార్మికుల ఆహారంపై పరిశోధన చేస్తున్న తెలుగు యువతి, కాలికి కట్టుతో కూర్చున్న అరబ్బుల ఇంట్లో పనిచేసే రాయచోటి మహిళను ప్రశ్నిస్తోంది.

“మీ వంటింట్లో ఏమేం వండుకుంటారమ్మా?”

“కోడి మచ్బూస్ అన్నం, చేపల వేపుడు. పదకొండు మందికి వండుతా.”

“అయితే మీకు మంచి ఆహారం అందుతోందని రాస్తాను.”

“నాకేడ అందుతాది పాపా? వాళ్లు తిని వదిలిన అన్నం, ఎండిపోయిన కేకు, అదే నా తిండి. షుగరు మూడొందలు దాటింది. అవి మానకుంటే కాలు దక్కదన్నాడు డాక్టరు.”

“మరి సంగటి చేసుకోవచ్చు కదా? రాగిపిండి ఇక్కడా దొరుకుతుంది.”

“పిండి నా పెట్టెలోనే ఉండాది. పొయ్యి మామాది, అదే, ఆ ఇంటి యజమానురాలిది. ఆ నల్లముద్ద తన గిన్నెలో ఉడకకూడదనింది.”

“ఈ కాగితంలో ‘మిగిలిన తిండి’ అనే గడి లేదు. అంచున రాస్తాను. ఇక్కడి విశ్వవిద్యాలయం, మన దేశంలోది కలిసి పరిశీలించి, యజమానులకు సూచనలు పంపుతాయి.”

“మామా చదివితే నన్ను ఊరికి పంపిస్తాది.”

“భయపడకండి. మీ పేరు ఎక్కడా ఉండదు.”

“పేరే లేకుంటే, సంగటి ఎవురిని వండుకోనీమని మామాకు చెప్తారు?”

“నియమం అలా ఉందమ్మా.”

“కాలు నాది పాపా. నా పేరు రాయి, సుబ్బరత్నమ్మ అని.”