పోశయ్య కిటికీ ముందర

సిరోంచలో మే నెల మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. మల్లక్క పాత పెంకుటిల్లును చల్లబరిచే పని చివరికొచ్చింది. ఇక మిగిలింది ఏసీ ఒక్కటే. దాన్ని బిగించడానికి వచ్చిన విలాస్, ఆమె ఇంటికీ పక్కింటికీ మధ్య ఇరుకు సందులో నిలబడి తల గోక్కుంటున్నాడు. మల్లక్క మాత్రం ఈ రోజు కోసమే బతికున్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఈడ వద్దు పెద్దమ్మా. మీద పెడదాం, గాలి మంచిగ ఆడుతది."

"ఈడనే అన్న గద."

"జానెడు సందు ఇది. ఏసీది ఈ బయటి డబ్బ ఇంట్ల వేడి గుంజి బయటికి ఊదుతది. ఎదురుంగ గోడ ఉంటే ఆ వేడి మళ్ల దానికే తగుల్తది. ఏసీ సగం గూడ పనిచెయ్యది."

"చెయ్యకపోతె పాయె."

"పాయెనా? మరి ఎందుకు పెట్టిచ్చుకుంటున్నవ్? పెంకుల మీద తెల్లరంగు ఏసినం. లోపట సీలింగ్ కొట్టినం. తలుపు సందులకు రబ్బరు పట్టీలేసినం. ఇల్లు ఇప్పటికే సల్లగైంది. నన్నడిగితే ఏసీ అక్కర్నే లేదు."

"నా సల్లదనం కోసమనుకున్నవా?"

"మరి?"

"ఆ కిటికీ కనవడ్తుందా, ఎదురుంగ?"

"పోశయ్య కాకది."

"నా మరిదిది. ఆ కిటికీ కాడనే వాని మంచం."

"పెద్దమ్మా..."

"వేడి సక్కగ లోపటికి పోతదా, పోదా? అది చెప్పు."

"పోతది. కానీ మంచంల పడ్డ మనిషి ఆయన. పక్కకు జరుగుదామన్నా జరుగలేడు."

"తెల్వకనే పెట్టిస్తున్ననా?"

"గట్లనకు. పాపం తగుల్తది."

"మా ఆయన గూడ జరుగలేకపోయెరా! కాలు, చెయ్యి పడిపోయి, ఇగో, ఈ కిటికీ కిందనే పన్నడు. ప్రాణహిత దిక్కు నుంచి జర గాలొచ్చేది. ఆ గాలి తగిల్తేనే నిద్ర పట్టేది ఆయనకు. గప్పుడే లేపిండు పోశిగాడు ఈ గది, నా కిటికీకి అడ్డంగ. కాళ్లు పట్టుకున్న. ఎండకాలం పోనీ పోశయ్యా, వానలు పడ్డంక కట్టుకో అన్న. ఏమన్నడో తెల్సా?"

"ఇన్న, పెద్దమ్మా."

"మళ్ల ఇను. నా జాగ, నా ఇష్టం అన్నడు. రోహిణి కార్తెల పోయిండు మా ఆయన. నోట మాట లేదు, కిటికీ దిక్కే చూసుకుంట పోయిండు. నేను విసురుతనే ఉన్న. పోయినంక గూడ విసురుతనే ఉన్న... ఏంది, ఏం వెతుకుతున్నవ్?"

"ఏం లేదు. మేకులు దేవులాడుతున్న."

"చేతుల్నే ఉన్నయి."

"ఆఁ... ఉన్నయి."

"పొద్దుగాల సంది గిట్లనే నసుగుతున్నవ్. ఆని దగ్గరికి పోయినవా ఏంది?"

"సందు వాళ్లది గూడ గద. అడగాలె గద."

"ఏమన్నడు? తిట్టిండా?"

"తిట్టలె."

"ఏడ్చిండా?"

"ఏడ్వలె. ఒప్పుకున్నడు."

"ఒప్పుకున్నడా! వేడి సంగతి చెప్పినవా?"

"చెప్పిన. చెప్పకుండ ఎట్లుంట?"

"అర్థం కాలేదేమో ముసలోనికి."

"అయింది. పోనీ తియ్, పని కానీ."

"ఏం దాస్తున్నవ్? చెప్తవా, చెప్పవా?"

"నీకు చెప్పద్దన్నడు... జర కిందికి పెట్టుమన్నడు. మీదుంటే కాళ్లకు తగుల్తది, నా మొకానికి తగిలేటట్టు పెట్టు అన్నడు."

"ఏంది?"

"మా వదినె ఉసురు అట్లనన్న తీరుతది, ఆడికి పోయినంక అన్నకు మొకం చూపించేటట్టైత అన్నడు."

"అన్నకు మొకం చూపిస్తడట!"

"పెద్దమ్మా? కూసో జర. నీళ్లు తేవాల్నా?"

"తీరుతదా? ఒక్క ఎండకాలం ఉడికితే తీరుతదా వానికి?"

"పోనీ పెద్దమ్మా, మాఫ్ చేసెయ్. డబ్బ మీద పెడుత, ఎవలికీ పరేషానుండది."

"మాఫా? వాని మొకం మండ! లెక్క చెల్లయిందని సుఖంగ సద్దామని చూస్తుండు. తియ్. ఆ డబ్బ ఈడికెల్లి తియ్."

"తీసి ఏం చెయ్యాలె?"

"ఏసీ వాని గదిల పెట్టు, తలకాడ. మిగిలిన తెల్లరంగు వాని స్లాబు మీద ఏయ్. డబ్బ మూతి నా కిటికీ దిక్కు తిప్పు."

"పాగలైనవా? ఉడికిపోతవ్ నువ్వు!"

"ఉడుకుత. వాడు మాత్రం సల్లగుండాలె. గాలి మొకానికి తగిలినప్పుడల్లా ఎవల గాలి ఆపిండో యాదికి రావాలె. సచ్చేదాక రావాలె."