పెళ్ళికారు కింద తడి

"మామ్మా, నా పెళ్ళికి మన పాత కారుకే పూలు కడతారట. సెల్ఫు కొడితే గరగరమంటంది. నాన్నేమో ఏటీ నేదంటాడు."

ఏటీ నేదంటాడు! ఆ మాట మీ నాన్నకి ఆళ్ళ తాత దగ్గర్నుంచి వొచ్చినాది. అంటే మా మావ. ఇలా కూకో, సెప్తాను. ఆ సీర అలాగెట్టీకు, నలిగిపోద్ది.

నా పెళ్ళి అరవై ఏడో, ఎనిమిదో... ఎవులు గుర్తెట్టుకున్నారు. అప్పటికి మా మావ ఓ పాత కారు కొన్నాడు. ఎవులో బూములున్న బుగత వొదిలించుకున్నాడు, ఈయన తగిలించుకున్నాడు. ఇంటికి సరైన తలుపు నేదు గానీ కారున్నాది! "ఈ సుట్టుపక్కల కోడల్ని కార్లో తెచ్చినోడెవుడ్రా?" అని మీసం తిప్పీవోడు.

మా కన్నోరిది శ్రీకూర్మం పక్క గదా. అత్తోరిది సీకాకులం దాటి విజయనగరం పోయీ దారిలో. అప్పగింతలప్పుడు కారు మా వాకిట్లో ఉన్నాది. దాని ముందు మూతికి, అదే గాలి దూరీ జాలీ ఉంటాది సూడు, దానికి సందు కనపడకండా బంతిపూల దండలు కట్టించినాడు. ఆటి మీద మామిడాకులు. ఇంజనుకి ఊపిరాడొద్దేటి? ఆయనకి సోకు కావాల.

పెళ్ళికూతురు తలెత్తకూడదని మా పిన్నమ్మ నా మెడ వొంచీసినాది. తల వొంచితే ఏటి కనపడతాది? నేల కనపడతాది. కారు మూతి కింద నేలంతా తడి. పైనుంచి సుక్కా సుక్కా కారతన్నాది.

మావే తోలీవోడు. సెల్ఫు కొట్టినాడు. గర్రుమన్నాది, కొబ్బరిసిప్ప రాతికేసి గీకినట్టు. మళ్ళీ కొట్టినాడు, మళ్ళీ గర్రు. "సెల్ఫు సక్రం పళ్ళరిగినాయి, ఏటీ నేదు" అన్నాడు. మా మరుదులు ఎనకనుంచి తోస్తే అప్పుడు పలికినాది. ఇదంతా నాను ఎక్కకముందే, గుర్తెట్టుకో.

సీకాకులం దాటినామో నేదో, మూతిలోంచి గుప్పుమని ఆవిరి. దండలు ఉడికిపోయి వాసన. బండాగిపోయినాది. పక్కన కూకున్న పెద్దత్త, మా మావకి అప్ప, బుగ్గలు నొక్కుకున్నాది. "పిల్ల కాలెట్టినాది, బండి సచ్చినాది. దీని అడుగు మంచిది కాదు."

నవ్వకే. అప్పట్లో ఆ పేరు పడితే పోయీది కాదు. మా ఈధిలో ఒకమ్మికి అలాగే పడితే, కన్నోరింటికి పంపీసి మళ్ళీ తీసుకెళ్ళనేదు. పాలు ఇరిగినా, గేదె సచ్చినా, ఇంక కోడలి అడుగే. మీ తాత ఏటన్నాడంటావా? కండవా సర్దుకున్నాడు. అంతే, అదే ఆయన మగతనం.

ఇంక నానే తలెత్తినాను. "పెద్దత్తా, మా వాకిట్లోనే నీళ్ళు కారతన్నాయి. నాను సూసినాను. తల దించమన్నారు గదా, అదే కనపడినాది. సెల్ఫు గర్రుమంటే తోసింది మీవోళ్ళు. గాలాడకండా దండలు కట్టించింది మావ. నా అడుగు ఇందులో ఎక్కడున్నాదో సూపించు" అన్నాను. మావ దిగి, దండలు పీకి, వొంగి సూసినాడు. నీళ్ళ గొట్టం పగిలున్నాది. నా మొహం సూడకండా "ఏటీ నేదు" అన్నాడు!

ఆ తరవాత సెల్ఫు గర్రు తప్ప ఇంకోటి పలకనేదు. బండి మార్చుకుందారంటే ఒప్పుకున్నాడేటి? కోడలు కార్లోనే రావాలట. ఎడ్లు కట్టించి కారుని లాగించినాడు, లోపల నాను, ఎనక ఊరోళ్ళ నవ్వులు. అత్తోరి వాకిట్లోకెళ్తే హారతి ముందు ఎవులికనుకున్నావు? కారుకి! దిష్టి తగిలిందట. నాను గడప బయట నిల్సున్నాను, ఆ ఇనుముకి ఎర్రనీళ్ళు దిగదుడిసినారు.

ఆ కారు పాకలోంచి మళ్ళీ నెగనేదు, కోళ్ళు గుడ్లెట్టుకున్నాయి. నాను మాత్రం ఆ ఇంట్లోంచి కదల్నేదు. పెద్దత్త మంచానపడితే గంజి తాగించింది కూడా ఈ అడుగే. ఓపాలి నా సెయ్యి పట్టుకున్నాది గానీ, ఆ మాట తప్పని అననేదు. అననీ, అనకపోనీ.

ఆ దండలు మూతికి కట్టొద్దని మీ నాన్నకి సెప్పు. రేపు నిన్నూ తల దించమంటారు. దించు తల్లీ, దించి కారు కింద ఓపాలి సూడు. తడుంటే అందరికీ ఇనపడీలాగ అక్కడే సెప్పీ. పిల్లాపాపల్తో సల్లగుండు... ఇదిగో, ఆ సీర మడతెట్టు ముందు.